చప్పుడు విన్నప్పుడల్లా ముఖం అదురుతోందా? కాక్లియర్ ఇంప్లాంట్ ధరించేవారు చేయవలసినవి

కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చిన తీగ ద్వారా శ్రవణ నాడికి కరెంటు పంపి శబ్దం వినిపించే పరికరం) ధరించే కొందరిలో, పెద్ద శబ్దం వినబడిన ప్రతిసారీ ఇంప్లాంట్ ఉన్న వైపు కంటిరెప్ప అదురుతుంది, లేదా పెదవి మూల పక్కకు గుంజుకుపోతుంది, లేదా చెంపను లోపలినుంచి ఎవరో దారం కట్టి లాగుతున్నట్టుగా ఉంటుంది. దీన్ని వైద్యులు ముఖనాడి ప్రేరణ అంటారు. పరికరాన్ని ఆన్ చేసిన రోజునే కాక, నెలల తర్వాతో, ఒక్కోసారి ఏళ్ల తర్వాతో కూడా ఇది మొదలు కావచ్చు కాబట్టి, చాలామందికి ఇంప్లాంట్ మీదికి అనుమానం పోదు. నిద్ర చాలకనో, అలసట వల్లనో అనుకుంటారు. అనుమానం వచ్చినవారు కూడా, వినికిడి దక్కినందుకు ఈ మాత్రం భరించక తప్పదని సర్దుకుపోయి, వాల్యూమ్ తగ్గించుకుని కాలం గడుపుతారు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే ఉంది: ఆ తీగ మీద కరెంటు పంపే బిందువుల్లో, అంటే ఎలక్ట్రోడ్లలో, కొద్దింటి దగ్గరున్న ఇబ్బంది కోసం మొత్తం వినికిడినే కుదించుకున్నట్టవుతుంది. ఈ సమస్య చాలావరకు మ్యాపింగ్ గదిలోనే, అంటే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) పరికరం స్థాయిలను సర్దే చోటనే, శస్త్రచికిత్స అవసరం లేకుండా అదుపులోకి వస్తుంది. అయితే ఆ పని ఎంత త్వరగా తెములుతుందన్నది మీరు వెంట తీసుకువెళ్లే సమాచారం మీద ఎంతో ఆధారపడి ఉంటుంది.

ఎందుకు జరుగుతుంది

ముఖ కండరాలను కదిలించే నాడి, శ్రవణ నాడి పుర్రె ఎముకలో ఒకే ఇరుకు సొరంగం గుండా సాగుతాయి. ఆ సొరంగం దాటాక ముఖనాడి, నత్తగుల్లలా చుట్టలు తిరిగిన లోపలి చెవి భాగమైన కాక్లియా మొదటి చుట్టు పైభాగాన్ని దాదాపు ఒరుసుకుంటూ పోతుంది. రెండింటి నడుమ ఉండే ఎముక గోడ చాలామందిలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఆ ఎముక దట్టంగా ఉన్నంతకాలం కరెంటుకు అడ్డుకట్టలా పనిచేస్తుంది. ఓటోస్క్లెరోసిస్ అనే వ్యాధిలో అది స్పాంజిలా మారడం వల్ల కరెంటు సులువుగా బయటికి జారుతుంది, అందుకే ఈ వ్యాధి ఉన్నవారిలో ముఖం అదరడం మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాక్లియా పుట్టుకతోనే సరిగా రూపుదిద్దుకోనివారికి, కణత ఎముక విరిగినవారికి కూడా ఈ అవకాశం ఎక్కువే. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తర్వాత కాక్లియాలో ఎముక పేరుకున్నవారిలోనూ, శ్రవణ నాడి సన్నగా ఉన్నవారిలోనూ కారణం కొంచెం వేరు: వారికి శబ్దం వినిపించడానికే హెచ్చు కరెంటు ఇవ్వవలసి వస్తుంది, ఆ హెచ్చు పక్కనున్న నాడిని తాకుతుంది.

ముందుగా తేల్చుకోవలసినది

అదురు వచ్చినప్పుడు తలకు అంటుకునే కాయిల్‌ను తీసివేయండి. కాయిల్ లేకపోతే లోపలి పరికరానికి విద్యుత్తు అందదు కాబట్టి, ఇంప్లాంట్ వల్ల కలిగే అదురు వెంటనే ఆగిపోవాలి, తిరిగి పెట్టి అదే శబ్దం వినిపిస్తే మళ్లీ రావాలి. కాయిల్ తీసినా రెప్ప కొట్టుకుంటూనే ఉంటే కారణం మరొకటి అయి ఉండవచ్చు, దాన్ని నాడీ వైద్యులకు చూపించాలి.

అదరడం వేరు, ముఖం చచ్చుబడడం వేరు. కన్ను పూర్తిగా మూసుకోలేకపోవడం, నీళ్లు తాగుతుంటే పెదవి పక్కనుంచి కారిపోవడం, నవ్వినప్పుడు మూతి ఒక వైపుకే పోవడం ముఖనాడి బలహీనపడిందనడానికి గుర్తులు. శస్త్రచికిత్స తర్వాత కొన్ని రోజులకు, సాధారణంగా మొదటి రెండు వారాల్లోపు, ఇలా జరిగే అవకాశం ఉంది. అప్పుడు వాల్యూమ్ సర్దుబాటుతో ప్రయోజనం లేదు. ఆ రోజే శస్త్రచికిత్స చేసిన వైద్యులను కలవాలి. స్టెరాయిడ్ మందులు త్వరగా మొదలుపెట్టడం మేలు చేస్తుంది. ఈలోపు మూతపడని కన్ను ఎండిపోకుండా కృత్రిమ కన్నీటి చుక్కలు వేయడం, రాత్రివేళ వైద్యులు చెప్పిన విధంగా రెప్పను మూసి టేపు అంటించడం అవసరం. బలహీనతతోపాటు జ్వరం, మెడ బిగుసుకుపోవడం, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడడం, చేయి లేదా కాలు పట్టు తప్పడం వంటివి ఉంటే అత్యవసర విభాగానికే వెళ్లాలి.

మరొక మాట: ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేని పరికరం ఉన్నట్టుండి ముఖాన్ని అదిరించడం మొదలుపెడితే, లేదా దానితోపాటు శబ్దం తెగితెగి వినిపిస్తుంటే, పరికరంలోనే లోపం తలెత్తి ఉండవచ్చు. ఇంపెడెన్స్ కొలత (ఎలక్ట్రోడ్ల దగ్గర కరెంటుకు ఎదురయ్యే అడ్డును చూసేది), పరికర సామర్థ్య పరీక్ష చేయమని అప్పుడు మీరే అడగండి.

అపాయింట్‌మెంట్ దాకా ఏం చేయాలి

వాల్యూమ్‌ను ఒకటి రెండు మెట్లు దించండి, లేదా బయట ధరించే ప్రాసెసర్‌లో తక్కువ స్థాయిలో ఉన్న మరో ప్రోగ్రామ్‌కు మారండి. నొప్పి ఉంటే కాయిల్ తీసేయండి. కానీ వారాల తరబడి పరికరాన్ని పక్కన పెట్టవద్దు, ఎందుకంటే వినికిడికి అలవాటు పడ్డ మెదడుకు ఆ విరామం మంచిది కాదు.

ఒక చిన్న పుస్తకంలో గమనికలు రాసుకోండి. ముఖంలో ఏ భాగం కదిలింది, ఏ శబ్దానికి కదిలింది, అప్పుడు ఏ ప్రోగ్రామ్, ఎంత వాల్యూమ్ ఉంది అన్నవి చాలు. శబ్దం ఎలాంటిదన్న వివరం మరీ ముఖ్యం: గిన్నెల చప్పుడు వంటి కీచు శబ్దానికి అదిరితే ఒక ప్రాంతపు ఎలక్ట్రోడ్లను, లావు గొంతుకు అదిరితే మరో ప్రాంతపు ఎలక్ట్రోడ్లను ముందుగా పరీక్షిస్తారు. ఫోన్‌తో అర నిమిషం వీడియో తీసి ఉంచుకుంటే అది పేజీల వర్ణన కంటే బాగా పనికొస్తుంది, ఎందుకంటే నిశ్శబ్దంగా ఉండే ఆసుపత్రి గదిలో ఆ అదురు ఒక్కోసారి కనబడనే కనబడదు.

మ్యాపింగ్ గదిలో

ప్రతి ఎలక్ట్రోడ్‌కూ ఎంత కరెంటు పంపాలో ప్రాసెసర్‌లో నమోదైన పట్టికనే మ్యాప్ అంటారు. తయారీదారును బట్టి ఎలక్ట్రోడ్ల సంఖ్య మారుతుంది: మెడ్-ఎల్ పరికరాల్లో 12, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో 16, కాక్లియర్ కంపెనీ పరికరాల్లో 22 ఉంటాయి. ఆడియాలజిస్టు వీటిని ఒక్కొక్కటిగా మోగిస్తూ కరెంటును కొద్దికొద్దిగా పెంచుతారు. మీకు శబ్దం హాయిగా, గట్టిగా వినిపించే స్థాయి ఎక్కడో, ముఖం కదలడం మొదలయ్యే స్థాయి ఎక్కడో ఆ పరీక్షలో తేలుతుంది. ముఖం కదిలే స్థాయి పైన ఉంటే ఇబ్బంది లేదు. అది వినికిడికి కావలసిన స్థాయికంటే కింద ఉన్న ఎలక్ట్రోడ్లే సమస్యకు మూలం. పరీక్ష జరుగుతున్నంతసేపూ వెంట వచ్చినవారిని ఎదురుగా కూర్చోబెట్టి మీ ముఖాన్నే గమనించమనండి. పైకి కనబడని సన్నని కదలికలు కూడా ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి కండరాల విద్యుత్ స్పందనను నమోదుచేసే ఇఎంజి పరీక్ష పనికొస్తుంది.

తప్పు చేస్తున్న ఎలక్ట్రోడ్ దొరికాక మొదటి ప్రయత్నం దాని గరిష్ఠ స్థాయిని తగ్గించడం. ఇది తేలికైన దారే గానీ ఆ స్వరాలు మందంగా వినిపిస్తాయి. అందువల్ల, వెనువెంటనే దీనితో సరిపెట్టుకోకుండా, పల్స్ వెడల్పు (ఒక్కో విడత కరెంటు ప్రవహించే కాలం) పెంచి చూశారా అని అడగడం మంచిదని నా అభిప్రాయం. ఒక పల్స్ మోసుకెళ్లే విద్యుదావేశం కరెంటు పరిమాణం మీదా, అది ప్రవహించే కాలం మీదా ఆధారపడుతుంది. 25 మైక్రోసెకన్ల పల్స్‌ను 50కి పెంచితే, అంతే గట్టిగా వినిపించడానికి కావలసిన కరెంటు గణనీయంగా తగ్గుతుంది, దానితో పక్కకు పాకే అవకాశమూ తగ్గుతుంది. దీనికి ఒక మూల్యం ఉంది. ఎలక్ట్రోడ్లు సాధారణంగా ఒకదాని తర్వాత ఒకటిగా మోగుతాయి కాబట్టి వెడల్పైన పల్స్‌లు సెకనులో తక్కువగా పడతాయి, ప్రేరణ వేగాన్ని తగ్గించవలసి రావచ్చు, బ్యాటరీ కూడా ముందుగా అయిపోవచ్చు. మెడ్-ఎల్ పరికరాల్లో మూడు దశల పల్స్ (కరెంటు దిశ రెండుసార్లు మారేది) అనే మరో ఏర్పాటు ఉంది, మామూలు రెండు దశల పల్స్‌తో ముఖం అదిరినవారిలో అనేకులకు అది ఉపశమనం ఇచ్చింది.

ఇవేవీ పనిచేయనప్పుడు ఆ ఎలక్ట్రోడ్‌ను పూర్తిగా ఆపివేసి, అది మోసే స్వరాలను పక్క ఎలక్ట్రోడ్లకు పంచుతారు. చాలామంది భయపడేది ఇక్కడే. రెండు మూడు ఎలక్ట్రోడ్లు ఆగినంత మాత్రాన మాట అర్థం కాకుండా పోదు; మొదట్లో గొంతులు వింతగా అనిపించినా కొన్ని వారాల్లో మెదడు సర్దుకుంటుంది. ఆపవలసినవి ఎక్కువైతే మాత్రం మాట స్పష్టత పడిపోతుంది, కాబట్టి ఎన్ని ఆపారో, ఏవి ఆపారో ప్రతిసారీ రాసి తీసుకోండి. గది వదిలే ముందు రెండు ప్రోగ్రాములు అడగండి: ఒకటి అదురు అసలే లేనిది, మరొకటి కాస్త గట్టిగా వినిపించేది. వారం పాటు రెండూ వాడి పోల్చి చూసుకోవచ్చు.

చిన్నపిల్లల విషయం

మాటలు రాని బిడ్డ తనకేమవుతోందో చెప్పలేదు. చప్పుడు కాగానే ఒక కన్నే చికిలించడం, నిన్నటిదాకా పెట్టుకున్న కాయిల్‌ను ఈ రోజు పీకి పారేయడం, గట్టి శబ్దానికి ఏడుపు అందుకోవడం గమనించవలసిన గుర్తులు. ఉలికిపాటు వల్ల రెప్పలు రెండూ ఒకేసారి మూతపడతాయి. ముఖనాడి ప్రేరణలో సాధారణంగా ఇంప్లాంట్ ఉన్న వైపే కదులుతుంది. పిల్లల మ్యాపింగ్‌లో చెవి లోపలి స్టేపీడియస్ కండరం బిగుసుకునే స్థాయిని ఆధారంగా తీసుకుంటారు. ఆ కండరానికి కూడా ముఖనాడి శాఖే అందుతుందని తెలిసి కంగారుపడే తల్లిదండ్రులు ఉన్నారు, కానీ అది మెదడు కాండం గుండా జరిగే సహజ ప్రతిక్రియ, దుష్ప్రభావం కాదు.

మ్యాపింగ్ చాలనప్పుడు

ఎలక్ట్రోడ్ తీగ సరైన చోటనే ఉందో లేదో, చుట్టూ ఎముక ఎలా ఉందో సీటీ స్కాన్‌లో చూస్తారు. అదిరే కండరాల్లోకి బొటులినమ్ టాక్సిన్ సూది వేయడం ఒక మార్గం. దాని ప్రభావం మూడు నాలుగు నెలలు ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ వేయించుకోవాలి. మోతాదు ఎక్కువైతే ముఖం ఆ మేరకు సడలిపోతుంది కాబట్టి అనుభవం ఉన్న చేతులే కావాలి. చివరి మార్గం పాత పరికరాన్ని తీసి మరొకటి అమర్చడం. బయటి గోడను ఆనుకునే తీగ ఉన్నవారికి, కాక్లియా నడిమి కాడను హత్తుకునే వంపు తీగను పెడితే అది శ్రవణ నాడికి దగ్గరై తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. ఈ నిర్ణయానికి ముందు సర్జన్‌ను అడగవలసినవి రెండు: ఇదివరకు ప్రయత్నించిన మ్యాప్‌లన్నిటి వివరాలూ వారు చూశారా, పాత తీగ తీసిన చోట కొత్తది పూర్తి లోతుకు వెళ్లే అవకాశం ఎంత ఉంది.