కిట్ ఎలా ఉందని కాదు, ఎక్కడ ఆగారో అడగండి

గిటార్ పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె) సొంతంగా చేసుకునే కిట్లు నాలాగా అమ్మేవాళ్లకి ఒక మాట. కొన్నవాళ్లని "కిట్ ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగుందండీ" అనే అంటారు, మొహమాటం కొద్దీ. దాంతో మనకి ఒరిగేదేమీ లేదు. "ఏ స్టెప్ దగ్గర ఆగిపోయారు? బోర్డు ఫోటో పంపుతారా?" అని అడగండి.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుర్రాడు అలాగే ఫోటో పంపాడు. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాల్సిన చోట 47 కిలో ఓమ్‌లది పెట్టాడు. రెసిస్టర్ విలువని దాని మీది రంగు గీతలే చెబుతాయి. నాలుగు గీతల రెసిస్టర్లలో ఈ రెండింటికీ మొదటి రెండు గీతలు పసుపు, ఊదా. మూడోది మాత్రం ఒకదానికి ఎరుపు, ఇంకోదానికి నారింజ. రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద ఎవరైనా పొరబడతారు. తప్పు ఆ అబ్బాయిది కాదు, విలువ ఒక్కటే రాసి వదిలేసిన, కిట్‌తో నేనిచ్చే సూచనల షీటుది. ఇప్పుడు రంగులు కూడా రాస్తున్నాను, పెట్టేముందు మల్టీమీటర్‌తో కొలవమంటున్నాను.

అడిగేది కూడా పార్సిల్ అందిన రోజు కాదు, ఓ వారం ఆగి.

వీలైతే మీ ఊళ్లోనే ఉన్న కస్టమర్‌ని ఒకరిని ఇంటికి పిలిచి, మీ ఎదురుగా చేయమనండి. కాఫీ ఇవ్వండి, సలహా మాత్రం ఇవ్వకండి. ఫుట్‌స్విచ్ (కాలితో నొక్కే స్విచ్) 9 కాళ్లకి వైర్లు అతికించే దగ్గరికొచ్చేసరికి షీటుని అటూ ఇటూ తిప్పుతున్నారంటే, షీటులోని ఆ స్విచ్ బొమ్మని వైర్లు అతికించే వైపు నుంచి చూసినట్టు మళ్లీ గీయాలి.