దీపావళి దులుపుళ్లకు ముందు: గోడమీది పాత పోర్ట్రెయిట్ ముఖం తుడవొద్దు

పోయిన నెల ఇంగ్లాండ్‌లో మాకు తెలిసిన ఒక తెలుగువాళ్ల ఇంట్లో మంచి బొమ్మ ఒకటి పాడైపోయింది. వేలంలో ఇష్టపడి కొనుక్కున్న పద్దెనిమిదో శతాబ్దపు ఆయిల్ పోర్ట్రెయిట్. పట్టు గౌను, మెడలో ముత్యాలు ఉన్న ఒక స్త్రీ. దసరాకి ఇల్లు దులుపుతూ, ముఖం మీద మురికి ఉందని వెట్ వైప్‌తో తుడిచారు. వైప్‌కి గులాబీ రంగు అంటింది. అది ఆమె బుగ్గల మీద ఉండాల్సిన ఎరుపు. ఇక తిరిగి రాదు.

దీపావళి దగ్గరికొచ్చింది, మళ్లీ బూజు కర్రలు, తడి గుడ్డలు బయటికి తీస్తారు. హీటింగ్ వేసే రోజులు కూడా ఇవే. గట్టి మేకు కొట్టండి, పిల్లల బంతి తగలనివ్వకండి లాంటివి మీకు తెలిసినవే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కటే: ముఖం తుడవొద్దు.

ఎందుకంటే, ఆ కాలం చిత్రకారులు ముఖాన్ని పొరలు పొరలుగా వేసేవారు. అడుగున సీసపు తెలుపు కలిసిన రంగు, పైన బుగ్గలకీ పెదవులకీ పల్చటి ఎరుపు. ఆ ఎరుపు చాలాసార్లు కొచినీల్ పురుగు నుంచి తీసిన కార్మైన్. అది వెలుతురుకే వెలిసిపోతుంది. ఇంగ్లీషు చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ (1723–1792) వేసిన ముఖాలు కొన్ని ఆయన బతికుండగానే పాలిపోయాయి. పైగా ఆయన రంగుల్లో రెజిన్, మైనం కలిపేవాడు. రంగు పైన రక్షణగా పూసే వార్నిష్‌ను కరిగించే ద్రావకం అలాంటి రంగునూ కరిగిస్తుంది. ఫోన్‌లో వచ్చే వీడియోల్లో దూదితో ఒక్కసారి రాయగానే పసుపు వార్నిష్ పోయి ముఖం మెరుస్తుంది కదా, దానికి ముందు జరిగే పరీక్షలు అందులో చూపించరు.

ఇంకో సంగతి. లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో రెనాల్డ్స్ 1762–63 ప్రాంతంలో వేసిన నెల్లీ ఒబ్రయన్ చిత్రం ఉంది. టోపీ నీడ ఆమె ముఖం మీద పడుతుంది. అలాంటి నీడనే మన ఇంట్లో బొమ్మ మీద చూస్తే చాలామంది మురికి అనుకుంటారు.

ముఖం తుడవొద్దు. తెలియనివాళ్ల చేత తుడిపించొద్దు కూడా. 2020లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఒకాయన, స్పెయిన్ చిత్రకారుడు మురిల్లో వేసిన మేరీమాత చిత్రానికి నకలును శుభ్రం చేయమని ఫర్నిచర్ బాగుచేసే వ్యక్తికి 1,200 యూరోలకు అప్పజెప్పాడు. ముఖం గుర్తుపట్టలేనట్టు తయారైంది. సరిచేయబోతే ఇంకా చెడింది.

ఇక గోడ సంగతి. ఫైర్‌ప్లేస్ మీదా, రేడియేటర్ మీదా తగిలించొద్దు. కాన్వాస్ నారబట్ట, దానికి పూసింది జంతువుల జిగురు. వేడికి గాలి పొడిబారితే జిగురు బిగుసుకుపోతుంది, చెమ్మకి ఉబ్బుతుంది. ఈ లాగులాటలో రంగు పగిలి లేస్తుంది. గాలిలో తేమ 40–60 శాతం మధ్య పెద్దగా మారకుండా ఉంటే మేలు. బయటి గోడ అయితే ఫ్రేము వెనక మూలల్లో చిన్న కార్క్ ముక్కలు అతికించండి, గాలి ఆడుతుంది.

మిగతావి వరసగా రాస్తున్నాను.

దీపాలు, అగరొత్తులు, సాంబ్రాణి బొమ్మ కింద పెట్టొద్దు. మసి రంగు పగుళ్లలోకి దిగుతుంది.

ఎండ నేరుగా పడనివ్వొద్దు.

బంగాళదుంప ముక్క, రొట్టె ముక్క, ఉల్లిపాయ, దేనితోనూ రుద్ది శుభ్రం చేయొద్దు. తడీ, పిండీ పగుళ్లలో ఉండిపోతాయి.

మెరుపు కోసం నూనె రాయొద్దు. కొన్నాళ్లకి నల్లబడి, తీయబోతే రంగుతో సహా వస్తుంది.

గ్లాస్ క్లీనర్, శానిటైజర్ ఆ గదిలో కూడా స్ప్రే చేయొద్దు.

వెనకవైపూ తడి గుడ్డ వద్దు. కాన్వాస్ ముడుచుకుంటే ముందున్న రంగు పెచ్చులుగా రాలుతుంది.

వెనక కాగితాలు, చీటీలు పీకొద్దు. ఆమె ఎవరో చెప్పేవి అవే కావచ్చు.

వెనక చట్రం మూలల్లో ఉండే చెక్క మేకులను సుత్తితో లోపలికి కొట్టొద్దు.

బొమ్మను చుట్టేటప్పుడు బబుల్ ర్యాప్ రంగుకి తగలకూడదు.

రంగు లేచి ఉంటే ఈకల కుంచెతో కూడా దుమ్ము దులపొద్దు. రాలిన పెచ్చులు ఊడ్చి పారేయొద్దు. చేతికి గ్లోవ్స్ వేసుకుని చిన్న డబ్బాలో దాచండి, ఆ రంగులో సీసం ఉండొచ్చు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కన్సర్వేషన్ రిజిస్టర్‌లో పెయింటింగ్ కన్సర్వేటర్‌ని, అంటే పాత చిత్రాలను బాగుచేసే నిపుణుణ్ని వెతకండి. పక్కనుంచి లైటు వేసి ఫొటోలు తీసి ముందు పంపండి, లేచిన రంగు తెలుస్తుంది. తీసుకెళ్లే రోజు, కాస్త నీట్‌గా కనిపించాలి కదా అని కూడా ముఖం తుడవొద్దు.