మే 4న రాత్రి 7:58కి అలారం పెట్టుకోండి

నెదర్లాండ్స్‌కి చదువుకోడానికి వచ్చినవాళ్లకి ఒక మాట. మే 4 రాత్రి సరిగ్గా 8 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, ఆ తర్వాతి యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం. సాయంత్రం 6 నుంచే జెండాలు సగానికి దించి ఉంటాయి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. సైకిల్ మీదుంటే దిగి పక్కన నిలబడండి.

మొదటి ఏడాది నాకు ఇది తెలీదు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేస్తున్న అమ్మాయి చేతిలో బ్రెడ్ ప్యాకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేనేమో అమ్మతో గట్టిగా మాట్లాడుతున్నాను. ఎవరూ ఏమీ అనలేదు, కానీ నాకు ఇప్పటికీ బాధే. మన ఊళ్లో అప్పుడు రాత్రి 11:30, పడుకునే ముందు అమ్మ కాల్ చేసే టైమ్. అందుకే ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

మర్నాడు మే 5, విముక్తి దినం. 1945లో జర్మన్ ఆక్రమణ ముగిసిన రోజు. చాలా నగరాల్లో ఉచిత సంగీత ఉత్సవాలుంటాయి, తప్పకుండా వెళ్లండి. అంతకు వారం ముందు, ఏప్రిల్ 27న, రాజు పుట్టినరోజు. ఆ రోజు వీధుల్లో జనం పాత సామాన్లు అమ్ముతారు. గిన్నెలు, టేబుల్ లైట్లు చవగ్గా దొరుకుతాయి. చిల్లర దగ్గర పెట్టుకోండి.