తొలిసారి క్రూజ్ ఓడ ఎక్కుతున్నారా? తిరుపతి నుంచి బయలుదేరేవారు ముందే తెలుసుకోవలసినవి

చెన్నై రేవులో ఓడ ఎక్కిన రోజు సాయంత్రం ఆరు గంటలకు మా అమ్మ అడిగింది: "నా బీపీ మాత్రలు ఏవి నాయనా?" మాత్రలు పెద్ద సూట్‌కేసులో ఉన్నాయి. సూట్‌కేసు మధ్యాహ్నమే టెర్మినల్ దగ్గర అప్పగించేశాం. అదీ మాతోపాటు ఓడలోనే ఉంది, కానీ మా గది తలుపు దగ్గరికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. ఈలోగా నేను నాలుగు అంతస్తులు ఎక్కి దిగి, రిసెప్షన్‌లో మూడుసార్లు అడిగి, అమ్మ ముఖం చూడలేక బాల్కనీలో నిలబడ్డాను.

తప్పు పూర్తిగా నాదే. అలిపిరి మెట్ల దారిలో కొండెక్కే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కింద సంచి అప్పగిస్తాం, పైన తీసుకుంటాం. మంచినీళ్ల సీసా, మాత్రల డబ్బా మాత్రం ఎవరూ ఆ సంచిలో వేయరు. ఓడ అనేసరికి నాకు ఆ బుద్ధి పనిచేయలేదు.

మొదటి క్రూజ్ గురించి ఎవరిని అడిగినా భోజనాల గురించి, ఈతకొలను గురించి, రాత్రి ప్రదర్శనల గురించి చెబుతారు. అవి మనం వెతక్కుండానే ఎదురుపడతాయి. ముందే తెలియాల్సింది ఎక్కే రోజు, దిగే రోజు, మధ్యలో ఒడ్డుకు వెళ్లే పూట ఎలా ఉంటాయన్నది. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా వాటి చుట్టూనే తిరుగుతుంది.

1. ఓడను, గదిని ఎంచుకోండి

మనకు దగ్గరి రేవు చెన్నై. రోడ్డు మీద సుమారు 140 కిలోమీటర్లు. 2022 జూన్‌లో అక్కడి నుంచి కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ యాత్రలు మొదలయ్యాయి. 2023 జూన్‌లో అదే ఓడ చెన్నై నుంచి శ్రీలంకకు వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరులో విశాఖపట్నంలో కొత్త క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అయితే ఓడలు మన ఆర్టీసీ బస్సుల్లా ఏడాది పొడవునా ఒకే రేవు నుంచి తిరగవు. కొన్ని నెలలు చెన్నై, కొన్ని నెలలు ముంబయి, మధ్యలో కొచ్చి అన్నట్టు మారుతుంటాయి. ముందు తేదీలు చూసుకుని, ఆ తర్వాతే సెలవు పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. ఆ నెలల్లో టికెట్టు చవకగా దొరికినా, దారి మారే అవకాశం ఉందని మనసులో పెట్టుకోవాలి.

గదులు సాధారణంగా నాలుగు రకాలు: కిటికీ లేనివి, కిటికీ ఉన్నవి, బాల్కనీ ఉన్నవి, సూట్లు అనే పెద్ద గదులు. కిటికీ లేని గదిలో లైటు ఆర్పితే పట్టపగలూ అర్ధరాత్రే. నిద్ర ఇష్టమైనవాళ్లకు అదే బాగుంటుంది. నా సలహా ఒక్కటే. గది ఎంత ఖరీదైనదనే దానికంటే ఓడలో ఎక్కడుందనేది చూడండి. కింది అంతస్తుల్లో, ఓడ నడుమ ఉన్న గదులకు ఊగుడు తక్కువ. ముందు కొసన, పై అంతస్తుల్లో ఎక్కువ. ఘాట్ రోడ్డు మలుపుల్లో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడేవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ మాట మరవకండి.

ప్రకటనలో కనిపించే ధర చివరి ధర కాదు. దాని మీద పన్నులు, రేవు రుసుము, సిబ్బందికి రోజువారీ సేవా రుసుము పడతాయి. అన్నీ కలిపితే ఎంతో అడిగి, ఆ అంకెనే పోల్చి చూడండి.

2. కాగితాలు

శ్రీలంక, సింగపూర్ వంటి చోట్లకైతే పాస్‌పోర్టు తప్పనిసరి. ప్రయాణం తేదీ నుంచి ఇంకా ఆరు నెలలైనా గడువు ఉండాలి. కొత్తగా తీసుకోవాలన్నా, గడువు పెంచుకోవాలన్నా పాస్‌పోర్ట్ సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి, ఓడ ప్రయాణికులకు ప్రత్యేకంగా ఏం వర్తిస్తుందో టికెట్టు అమ్మేవారినే రాతపూర్వకంగా అడగండి. దేశం లోపలి యాత్రలకు గుర్తింపు కార్డు చాలు, పిల్లలకు కూడా.

ఆరు నెలల లోపు పసిపిల్లలను, 24 వారాలు దాటిన గర్భిణులను చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. టికెట్టు కొన్నాక తెలిస్తే డబ్బు తిరిగిరావడం కష్టం. ఓడలో వైద్యుడు ఉంటాడు, కానీ ఫీజు గట్టిగానే ఉంటుంది. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అందులో సముద్రయానం కలిసి ఉందో లేదో చదివి చూడండి.

3. చేతిసంచిని వేరుగా సర్దండి

పెద్ద పెట్టెకు గది నంబరున్న ట్యాగు కట్టి టెర్మినల్‌లో ఇచ్చేస్తారు. అది సాయంత్రానికో, రాత్రికో గది ముందు ప్రత్యక్షమవుతుంది. అంతవరకు మీకు కావలసినవన్నీ చేతిసంచిలో ఉండాలి: కాగితాలు, మొత్తం యాత్రకు సరిపడా మాత్రలు, కళ్లజోడు, ఫోను ఛార్జరు, ఒక జత బట్టలు. పిల్లలుంటే వాళ్ల ఈత దుస్తులు కూడా. పెట్టె వచ్చేదాకా కొలను పక్కన వాళ్లను ఆపడం మీ తరం కాదు.

ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే విద్యుత్ కెటిల్, రైస్ కుక్కరు, అగరుబత్తీలు, కొవ్వొత్తులు ఇంట్లోనే వదిలేయండి. సముద్రం మధ్యలో నిప్పంటే ఉన్నంత భయం మరి దేనికీ ఉండదు. స్కానర్‌లో కనబడితే తీసి పక్కన పెడతారు. మా వరుసలో ముందున్న పెద్దావిడ సంచిలోంచి చిన్న ఇత్తడి దీపం, ఒత్తుల పొట్లం, నెయ్యి సీసా ఒకదాని తర్వాత ఒకటి బయటికొచ్చాయి. భద్రతా సిబ్బంది దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీపం ఉంచుకోండమ్మా, వెలిగించకండి" అని ఇచ్చేశాడు. ఒత్తులూ నెయ్యీ అక్కడే ఆగిపోయాయి. ఇంట్లో చేసిన తిండిని కూడా చాలా ఓడల్లో అనుమతించరు. సీలు వేసిన పచ్చడి పొట్లాల సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

4. ఎక్కే రోజు

ముందురోజు రాత్రికే చెన్నై చేరితే మంచిది. తెల్లవారుజామున బయలుదేరినా పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటి నగరంలో పడ్డాక ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆంధ్ర బస్సులు మాధవరం స్టాండులో దింపుతాయి. అక్కడి నుంచి రేవు వైపు రోడ్ల మీద కంటైనర్ లారీల వరుసలు ఉంటాయి. రైల్లో సెంట్రల్ స్టేషనుకు వెళితే రేవు అక్కడికి దగ్గరే. చిత్తూరు వాళ్లకు కాట్పాడి మీదుగా రైలు అనుకూలం.

టికెట్టు మీద ఓడ కదిలే సమయం, చెకిన్ మూసే సమయం రెండూ ఉంటాయి. మీరు చూడాల్సింది రెండోదే. అది ఓడ కదలడానికి చాలాముందే ఉంటుంది. రేవు గేటు దగ్గర తనిఖీ, సామాను స్కానింగు, కాగితాల పరిశీలన, విదేశీ యాత్రయితే ఇమిగ్రేషన్ ముద్ర, ఆపైన ఫొటో. వైకుంఠం కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లకు ఇదొక లెక్క కాదు. తేడా ఏమిటంటే ఇక్కడ పాలు, ఉప్మా ఇవ్వరు. బిస్కెట్ల పొట్లం దగ్గర ఉంచుకోండి.

చివర ఒక ప్లాస్టిక్ కార్డు ఇస్తారు. అదే గది తాళం, గుర్తింపు, ఓడలో డబ్బు కూడా. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టును వాళ్లే ఉంచుకుని చివరి రోజు తిరిగిస్తారు. అది మామూలే, కంగారు పడకండి. వెళ్లేముందు దాని ఫొటో మాత్రం ఫోనులో తీసుకోండి.

5. లైఫ్ జాకెట్ డ్రిల్‌ను తప్పించుకోకండి

ఓడ కదలకముందు, లేదా కదిలిన వెంటనే, ప్రయాణికులందరినీ తమ తమ గుంపు స్థానాలకు, అంటే ప్రమాదం వస్తే చేరాల్సిన చోట్లకు, పిలుస్తారు. ఏడు పొట్టి కూతలు, ఆ వెనుక ఒక పొడుగు కూత వినిపిస్తే అది అత్యవసర సంకేతం. డ్రిల్ ఇలా మొదట్లోనే జరపాలన్న నియమం వెనుక ఒక విషాదం ఉంది. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఓడ బండను గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ రాత్రి కొత్తగా ఎక్కిన ప్రయాణికులకు అప్పటికింకా డ్రిల్ జరగలేదు. బయలుదేరిన 24 గంటల్లోగా ఎప్పుడైనా చేయవచ్చని అప్పటి నిబంధన. 2015 నుంచి దాన్ని మార్చి, బయలుదేరడానికి ముందు లేదా బయలుదేరగానే జరిగి తీరాలని అంతర్జాతీయంగా ఖాయం చేశారు.

డ్రిల్ అయ్యాక గది నుంచి మీ గుంపు స్థానానికి మెట్ల మీదుగా ఒకసారి నడిచి చూడండి. లిఫ్టు వాడకండి. పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లండి. మా అమ్మ మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగింది, 54. కాలినడకన కొండెక్కే మనిషికి ఇవి ఏపాటి?

ఆ తర్వాత తీరిగ్గా పై డెక్కుకు వెళ్లండి. రేవు దాటేదాకా ఓడకు దారి చూపడానికి రేవు తరఫున ఒక పైలట్ వస్తాడు. బయటి నీళ్లలోకి రాగానే ఒక చిన్న పడవ ఓడ పక్కకు చేరుతుంది. అంత ఎత్తున్న ఓడ పక్క నుంచి ఆయన తాళ్ల నిచ్చెన మీద ఒక్కో మెట్టూ దిగి, పడవ అల మీద పైకి లేచే క్షణం చూసుకుని అందులోకి అడుగు వేస్తాడు. పడవ గిర్రున తిరిగి వెళ్లిపోతుంది. జనమంతా అవతలి వైపు సెల్ఫీలు తీసుకుంటున్నారు. యాత్ర మొత్తంలో నేను చూసిన గొప్ప ప్రదర్శన అదే, దానికి టికెట్టు కూడా లేదు.

6. ఊగుడు

పెద్ద ఓడలకు నీటి అడుగున చేప రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. ఇవి పక్కలకు ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు. వాంతుల మాత్ర వేసుకోవాలనుకుంటే తల తిరగడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. దాంతో మత్తుగా ఉంటుంది. వేరే మందులు వాడే పెద్దవాళ్లు ఊళ్లోనే వైద్యుణ్ణి అడిగి రావాలి. తల తిరిగితే గదిలో పడుకుని ఫోను చూడకండి. బయటికొచ్చి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ నిలబడండి. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు.

7. తిండి, డబ్బు, ఫోను

శాకాహారం సంగతి బెంగపడకండి. మన దేశం నుంచి నడిచే ఓడల్లో శాకాహారమే కాదు, జైన భోజనం కూడా దొరుకుతుంది. విదేశీ ఓడ అయితే టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పాలి. బఫే దగ్గర సబ్బుతో చేతులు కడుక్కోండి. గుంపుగా బతికే చోట వ్యాపించే నోరోవైరస్‌కు శానిటైజరు కంటే సబ్బూ నీళ్లే మేలు. భోజనం టికెట్టులో కలిసి ఉంటుంది. మద్యం, కొన్ని ప్రత్యేక రెస్టారెంట్లు, స్పా, ఫొటోగ్రాఫర్లు తీసే ఫొటోలు ఉండవు. చేతిలో నోట్లు ఖర్చు కాకపోవడం వల్ల ఎంత అయిందో తెలియదు. రోజూ రాత్రి ఖాతా చూసుకోండి. పిల్లల కార్డు మీద కొనుగోళ్లు ఆపమని రిసెప్షన్‌లో చెప్పవచ్చు.

ఫోను సిగ్నలు తీరం దాటిన కాసేపటికి పోతుంది. ఆ తర్వాత ఓడలోని సముద్ర నెట్‌వర్కును ఫోను తనంతట తాను పట్టుకుంటే బిల్లు గుండె ఝల్లుమనేలా ఉంటుంది. ఓడ కదలగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. వైఫై కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఇంట్లోవాళ్లకు "రెండు రోజులు ఫోను రాదు" అని ముందే చెబితే సగం గొడవ తగ్గుతుంది.

8. ఒడ్డుకు వెళ్లే పూట

ఓడ రేవులో ఆగినప్పుడు రెండు దారులు: ఓడ వాళ్లు ఏర్పాటు చేసే విహారం, లేదా సొంతంగా తిరగడం. మొదటిది ఖరీదు. కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. మీ సొంత ఆటో ఆలస్యమైతే ఆగదు. తర్వాతి రేవుకు మీ డబ్బుతో మీరే చేరుకోవాలి. తిరిగి ఎక్కాల్సిన సమయం ఓడ కదిలే సమయం కంటే ముందుంటుంది. నేనైతే దానికి ఇంకో గంట ముందే వచ్చేస్తాను.

శ్రీలంక గడియారం మనదే, అరగంట తేడా కూడా లేదు. సింగపూర్‌లో రెండున్నర గంటలు ముందుంటుంది. ఓడ ఏ సమయం పాటిస్తుందో ఓడలో ఇచ్చే ఆ రోజు కరపత్రంలో చూడండి. ట్రింకోమలీ మీ దారిలో ఉంటే సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన కొండ మీది కోనేశ్వరం గుడికి వెళ్లండి. అక్కడ చెప్పులు వదిలే చోటు మనకు బాగా అలవాటైనదే. లక్షద్వీప్ వంటి చోట ఓడ దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో ఒడ్డుకు వెళ్లాలి. పడవలోకి దిగేటప్పుడు ఒక చేయి ఖాళీగా ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ అడుగు కష్టమే.

9. దిగడం

చివరి రాత్రి పెద్ద పెట్టెలను గది బయట పెట్టమంటారు. మళ్లీ అదే చేతిసంచి పాఠం. మర్నాటి బట్టలు కూడా పెట్టెలో వేసి, పొద్దున్నే పైజామాతో దిగినవాళ్లను నేను కళ్లారా చూశాను. బిల్లు రాత్రే తెప్పించుకుని వరుసగా చదవండి. తప్పుంటే ఓడలో ఉండగానే సరిచేయించుకోవాలి. దిగడం రంగుల వారీగా, అంతస్తుల వారీగా జరుగుతుంది. మధ్యాహ్నం లోపు తిరుపతి బస్సుకు టికెట్టు తీసుకోకండి.

ఇంటికి వచ్చాక ఒకటి రెండు రోజులు నేల కదులుతున్నట్టు అనిపించవచ్చు, ముఖ్యంగా స్నానం చేస్తూ కళ్లు మూసుకున్నప్పుడు. మా అమ్మ మర్నాడు పొద్దున దేవుడి ముందు హారతి ఇస్తూ ఎడమచేత్తో గోడ పట్టుకుంది. "ఇల్లు కూడా బయలుదేరింది నాయనా" అంది. మూడో రోజుకు తగ్గిపోయింది. వారం దాటినా తగ్గకపోతే వైద్యుడికి చూపించండి.