ప్లాస్టిక్ సర్జరీకి వెళ్ళేముందు మత్తు గురించి ఏమేం అడగాలి

ప్లాస్టిక్ సర్జరీ అనుకోగానే ఎంతవుతుంది, మచ్చ పడుతుందా అని అడుగుతాం గానీ మత్తు ఏ రకం ఇస్తారు, ఎవరిస్తారు అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

పుట్టుమచ్చ తీయించడం, చిరిగిన చెవి తమ్మె కుట్టించడం, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్, వీటికి మామూలుగా లోకల్, అంటే ఆ చోటు వరకే మొద్దుబార్చే మత్తు సరిపోతుంది. దానికి వాడే లిగ్నోకైన్ అనే మత్తుమందు ఇంజక్షన్ ఎక్కేటప్పుడు బాగా మండుతుంది, అందులో కొంచెం సోడియం బైకార్బొనేట్ కలిపితే మంట తగ్గుతుంది, కలపమని అడగొచ్చు. అడ్రినలిన్ కూడా కలుపుతారు, దానివల్ల రక్తం తక్కువ పోతుంది, మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది, కాకపోతే కాసేపు గుండె దడగా అనిపించొచ్చు. ముట్టుకోవడం, లాగడం తెలుస్తాయి, నొప్పి మాత్రం తెలియకూడదు, తెలిస్తే పళ్ళబిగువున ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి.

లోకలే కదా అని తేలిగ్గా తీసుకోకండి, దానికీ లిమిట్ ఉంది. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ మామూలుగా కిలో బరువుకి 7 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే 60 కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములు, 2 శాతం మందైతే 21 ఎంఎల్ అంతే. డోస్ ఎక్కువైతే నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో గుయ్‌మని మోత, నాలుక మీద ఇనుము రుచి, ఆ తర్వాత ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. దానికి విరుగుడుగా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే కొవ్వు ద్రవం నరంలోకి ఎక్కిస్తారు, అది క్లినిక్‌లో ఉందా అని మొహమాటపడకుండా అడగండి.

లైపోసక్షన్‌కి, అంటే ఒంట్లో కొవ్వు పీల్చి తీసేయడానికి పద్ధతి వేరు. సెలైన్‌లో లిగ్నోకైన్, అడ్రినలిన్ బాగా పల్చగా కలిపి కొవ్వులోకి ఎక్కిస్తారు, దీన్ని ట్యూమెసెంట్ అంటారు, 1987లో అమెరికాలో జెఫ్రీ క్లైన్ అనే స్కిన్ డాక్టర్ దీని గురించి రాశారు. ఇందులో కిలోకి 35 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు, ఎందుకంటే మందు రక్తంలోకి చాలా నెమ్మదిగా చేరుతుంది. కానీ అదే కారణంగా మందు రక్తంలో బాగా పెరిగేది కొన్ని గంటల తర్వాత, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు, కాబట్టి ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు.

"కొంచెం మగతగా ఉంచుతాం, ఏం తెలీదు" అన్నారంటే అది సెడేషన్. నాకు ఎక్కువ భయం దీంతోనే, ఎందుకంటే మగత కాస్త లోతుకి పోతే ఊపిరి మందగిస్తుంది, సర్జన్ కళ్ళు కోస్తున్న చోట ఉంటాయి, ఆయన ఊపిరి కూడా చూడలేరు. అందుకే మత్తు డాక్టర్ వేరుగా ఉండాలి, ఉంటారా అని అడిగి పేరు కూడా తెలుసుకోండి.

చేతి సర్జరీకి మెడ పక్కనో చంక దగ్గరో నరాలకి బ్లాక్, అంటే ఆ నరాలని మొద్దుబార్చే ఇంజక్షన్ ఇస్తారు, చెయ్యి కొన్ని గంటలు మొద్దుబారి ఉంటుంది, వేడి గిన్నెల దగ్గరకి పోనివ్వకండి. కాళ్ళకైతే వెన్నుకి ఇస్తారు, కొందరికి తర్వాత తలనొప్పి వస్తుంది.

టమ్మీ టక్ (పొట్ట దగ్గర వదులైన చర్మం, కొవ్వు తీసి బిగించడం), రొమ్ము సర్జరీ, పసిపిల్లల గ్రహణం మొర్రి, వీటికి సాధారణంగా జనరలే, అంటే పూర్తిగా స్పృహ లేకుండా చేసే మత్తు. ముక్కు సర్జరీకి కూడా చాలామంది జనరలే ఎంచుకుంటారు, రక్తం గొంతులోకి జారుతుంది కాబట్టి గొంతులోంచి శ్వాసనాళంలోకి వేసే ట్యూబ్ ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోదు. లేచాక గొంతు గరగర, వాంతులు మామూలే, ఇదివరకు ఆపరేషన్ తర్వాత బాగా వాంతులయ్యుంటే చెప్పండి, ముందే మందిస్తారు.

సెడేషన్‌కైనా జనరల్‌కైనా కడుపు ఖాళీగా ఉండాలి. తేలికపాటి టిఫిన్ అయితే 6 గంటలు, బిర్యానీ లాంటివైతే 8, తల్లిపాలు 4, మంచినీళ్ళు 2 గంటల ముందు దాకా పర్లేదు. పాలు పోసిన టీ నీళ్ళ లెక్కలోకి రాదు, పొద్దున్నే ఒక్క గుక్క అని ఇంట్లోవాళ్ళు బలవంతపెట్టినా వద్దనండి. బరువు తగ్గడానికి సెమాగ్లూటైడ్ ఇంజక్షన్ వాడుతుంటే కచ్చితంగా చెప్పాలి, అది వాడితే కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది.

సిగరెట్, మందు అలవాట్ల గురించి డాక్టర్ అడిగినప్పుడు పక్కన నాన్నగారో అత్తగారో ఉంటే చాలామంది లేదనేస్తారు. వాళ్ళని కాసేపు బయట కూర్చోమని చెప్పి నిజం చెప్పండి, మత్తు డాక్టర్ డోస్ లెక్కేసేది దాన్ని బట్టి కూడా.