లేవగానే తుమ్ములా? ముందు పరుపు, దిండు సంగతి చూడండి

పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు దురద, బయటికి వెళ్తే మాత్రం హాయిగా ఉంటోందంటే ఒకసారి మీ పరుపునీ దిండునీ అనుమానించండి. వాటిలో చేరే డస్ట్ మైట్స్ అనే అతి చిన్న పురుగులు కంటికి కనిపించవు, కుట్టవు, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. అలర్జీ తెప్పించేది ఎక్కువగా వాటి మలమే, అందుకే పురుగు చస్తే చాలదు, ఆ మురికి కూడా పోవాలి.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి (బట్ట తట్టుకుంటుందో లేదో లేబుల్ చూసుకుని). చన్నీళ్లలో ఉతికితే మురికి వదులుతుంది గానీ పురుగులు చాలావరకు బతికే ఉంటాయి. వేడికి పాడయ్యే పిల్లల మెత్తటి బొమ్మల్ని కవర్లో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తర్వాత మామూలుగా ఉతికేయండి. పిల్లలు వాటిని మొహానికి ఆనించుకునే పడుకుంటారు కదా, దయచేసి ఇది మర్చిపోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం తేమ. ఇవి నీళ్లు తాగవు, గాలిలో తేమనే పీల్చుకుంటాయి, కాబట్టి గదిలో తేమ ఎప్పుడూ 50 శాతం లోపే ఉంటే మెల్లగా ఎండిపోతాయి. లేచిన వెంటనే పక్క సర్దేయకుండా దుప్పటి తీసి కాసేపు ఆరనివ్వండి, తడి బట్టలు పడకగదిలో ఆరేయకండి.

సోఫాకి హెపా ఫిల్టర్ (సన్నటి దుమ్మును కూడా పట్టి ఉంచేది) ఉన్న వాక్యూమ్ వాడండి, చెక్క సామాను తడిగుడ్డతో తుడవండి, పొడి గుడ్డతో దులిపితే ఆ దుమ్మంతా గాల్లోకే లేస్తుంది. ఖర్చు పెట్టగలిగితే స్ప్రేల మీద కాదు, పరుపునీ దిండునీ పూర్తిగా మూసే జిప్ కవర్ల మీద పెట్టండి.