ఐస్ హాకీ డివిజన్ 1 'ఎ': విమానం ఎక్కకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ప్రపంచ ఐస్ హాకీలో రెండో అంచె టోర్నీ డివిజన్ 1 'ఎ' గ్రూపు. ఆరు జట్లు, ఒక్కో జట్టుకు ఐదు మ్యాచ్‌లు, అన్నీ వారం రోజుల్లోనే. మొదటి రెండు జట్లు పై అంచెకు వెళ్తాయి, ఆఖరిది కిందికి దిగిపోతుంది. గాయం మానడానికీ, కొత్త సామాను అలవాటు కావడానికీ అక్కడ వ్యవధి ఉండదు. చేసుకోవాల్సిందంతా ఇంటి దగ్గరే చేసుకోవాలి.

ముందు మెడ సంగతి. 2023 అక్టోబరు 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ జరుగుతుండగా స్కేటు బ్లేడు మెడను కోసేయడంతో అమెరికా ఆటగాడు ఆడమ్ జాన్సన్ ప్రాణం పోయింది. ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య తన పోటీలన్నిటిలో నెక్ గార్డును (మెడకు వేసుకునే రక్షణ తొడుగును) తప్పనిసరి చేసింది. కోతను ఆపడానికే తయారైన గార్డు కావాలి, ఏదో ఒక గుడ్డ పట్టీ చుట్టుకుంటే చాలదు. వేసుకున్నాక గడ్డానికీ ఛాతీ ప్యాడ్‌కీ నడుమ గొంతు బయటికి కనిపించకూడదు. చెమటకు ఒరుసుకుంటుంది కాబట్టి రెండు వారాల ముందు నుంచే రోజూ ప్రాక్టీసులో వేసుకోండి. మణికట్టుకూ, మడమ వెనక స్నాయువుకూ కూడా కోత తట్టుకునే తొడుగులు వేసుకోవాలనే మేం గట్టిగా చెబుతాం.

ఇక బ్లేడు. అడుగున సన్నటి గాడి ఉంటుంది, దాని రెండంచులే మంచును పట్టేది. గాడి లోతుగా ఉంటే పట్టు ఎక్కువ, జారుడు తక్కువ, ఆగిన ప్రతిసారీ గజ్జల కండరాల మీద భారం. టోర్నీ సాధారణంగా ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో జరుగుతుంది. బయటి వెచ్చదనానికీ, హాల్లోని జనానికీ మంచు మెత్తబడుతుంది, లోతు గాడి అందులో మరీ దిగబడుతుంది. గాడి వంపు వ్యాసార్థం పెరిగితే లోతు తగ్గుతుంది. 13 మిల్లీమీటర్ల వ్యాసార్థం నుంచి 16కు మారాలనుకుంటే ఇప్పుడే మారండి, టోర్నీ మధ్యలో వద్దు. పదును పెట్టించాక రెండంచుల మీదా అడ్డంగా ఒక నాణెం ఆనించి చూడండి. అది ఒక పక్కకు వాలితే అంచులు సమంగా లేవు, మలుపులో ఆ కాలు జారుతుంది. పదునుపెట్టిన బ్లేడ్లు ఇంకో జత వెంట ఉండాలి.

తడి బూట్లూ గ్లోవ్స్‌లూ ఫ్యాను గాలికే ఆరాలి. హీటరు మీద పెడితే బూటు జిగురు వదులుతుంది. నీళ్ల సీసా ఎవరిది వారిదే.

జలుబు చేస్తే జట్టు డాక్టరును అడగకుండా మాత్ర వేసుకోవద్దు. చాలా జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే డోపింగ్ కిందికి వస్తుంది.

తలకు దెబ్బ తగిలి కన్‌కషన్ (మెదడు అదరడం) అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ మంచు మీదికి పంపకూడదు. తిరిగి ఆటకు రావడానికి ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకూ కనీసం 24 గంటలు. అంటే ఆ ఆటగాడికి టోర్నీ దాదాపు అయిపోయినట్టే. ఆ మాట కోచ్, డాక్టరు, ఆటగాడు ముగ్గురూ ముందే కూర్చుని ఒప్పుకుని ఉండాలి. ఆఖరి మ్యాచ్‌లో పై అంచె అందేంత దూరంలో ఉన్నప్పుడు ఆ చర్చ పెట్టుకుంటే డాక్టరు మాట చెల్లదు.